వెల్ల నుంచి ఎమల్షన్ దాకా: మన గోదావరి గోడల కథ

ఉద్యోగ విరమణ చేసిన ఏడాది మన ఇళ్ళలో రెండు ఖర్చులు ముందుకు వస్తాయి. మిగిలిపోయిన పిల్ల పెళ్ళి ఒకటి, ఇంటికి రంగులు రెండోది. చాలా ఇళ్ళలో రెండోది మొదటిదాని కోసమే. గ్రాట్యుటీ, కమ్యుటేషన్ సొమ్ము చేతిలో ఉంటుంది కనుక "ఈసారి మంచి రంగే వేయిద్దాం, మళ్ళీ పదేళ్ళదాకా చూసుకోనక్కరలేదు" అనుకుంటాం. రెండు వర్షాకాలాలు గడిచేసరికి గోడ అడుగున మూరెడు ఎత్తున పొక్కులు లేస్తాయి. గోరుతో గీకితే పొర పొరగా ఊడివస్తుంది, దాని వెనుక తెల్లటి ఉప్పు కనిపిస్తుంది. రంగుల కంపెనీని తిట్టుకుంటాం, లేదా రంగులు వేసిన కుర్రాణ్ణి. కమ్యూట్ చేసిన పెన్షను తిరిగి పూర్తిగా చేతికి రావాలంటే పదిహేనేళ్ళు ఆగాలి. ఆ డబ్బుతో వేసిన రంగు రెండేళ్ళకే రాలిపోవడం చిన్న సంగతేమీ కాదు.

ఇందులో రంగు తప్పు కొంతే. అసలు సంగతి మన నేలలో ఉంది. అది తెలియాలంటే ఈ నూటయాభై, నూటడెబ్భై ఏళ్ళలో మన ఉభయ గోదావరి జిల్లాల గోడలమీద ఏమేం పూశారో, ఎందుకు పూశారో చూడాలి.

ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. కాటన్ దొర పుణ్యమా అని కాలువలు వచ్చాయి, కరువు సీమ అన్నపూర్ణ అయింది. కాలువ నీరు పొలాన్ని తడిపినట్టే నేల లోపల కూడా పాకుతుంది. డెల్టాలో నాలుగు గజాలు తవ్వకుండానే నీరు పడే ఊళ్ళు ఎన్నో మనకు తెలుసు. ఇటుక గోడ ఆ తడిని దీపపు వత్తి నూనెను పీల్చినట్టు పైకి పీలుస్తుంది. సముద్రానికి దగ్గర పడేకొద్దీ ఆ నీటిలో ఉప్పు ఎక్కువ. గోడ ముఖందాకా వచ్చిన నీరు ఆవిరై పోతుంది, ఉప్పు అక్కడే మిగిలి గడ్డకడుతుంది. పైన ఏ పొర ఉన్నా దాన్ని వెనుకనుంచి నెడుతుంది. అంటే మన గోడకు వాన ముందునుంచి దెబ్బ కొడితే, నేల వెనుకనుంచి కొడుతుంది. రంగుల డబ్బా మీద బొమ్మలో వాన ఒక్కటే కనబడుతుంది.

ఇక మన పెద్దలు ఏం చేసేవారు? మట్టి గోడలకు పేడ, ఎర్రమట్టి అలుకుడు. ఇటుక గోడలకు సున్నపు గచ్చు, దానిపైన వెల్ల. "ఇంటికి వెల్ల వేయించారా?" అనేది సంక్రాంతి ముందు పరామర్శల్లో ఒకటిగా ఉండేది. గోడ అడుగున జేగురు పట్టె, గుడి ప్రహరీకైతే తెలుపు, కావి నిలువు చారలు. అందం కోసం కొంత, అవసరం కోసం కొంత. కింద మూరెడు ఎత్తు ఎలాగూ మరకపడుతుంది కాబట్టి అక్కడ ముదురు రంగు.

ఆ సున్నం ఎక్కడిది? కోస్తాలో గుల్ల సున్నానిదే పెద్దపీట. కాకినాడ అఖాతంలోను, కోరంగి వైపు ఉప్పుటేరుల్లోను దొరికే గుల్లలు, ఆల్చిప్పలు ఏరి బట్టీలో కాల్చేవారు. కాల్చినప్పుడు గుల్లలోని బొగ్గుపులుసు గాలి పోయి పొడి సున్నం మిగులుతుంది. నీళ్ళు పోస్తే బుసకొట్టి, పొగలుకక్కి వెన్నలా విరుగుతుంది. దాన్ని గోడకు పూస్తే అది గాలిలోని బొగ్గుపులుసు గాలిని మళ్ళీ పీల్చుకుని పలచటి రాతిపొరగా మారుతుంది. సముద్రంలో పుట్టిన గుల్ల బట్టీలో కాలి, నీటిలో విరిగి, చివరికి మన గోడమీద తిరిగి గుల్ల అవుతుందన్నమాట. గుల్ల సున్నం కల్తీ తక్కువ, తెలుపు ఎక్కువ. తర్వాతి కాలంలో పల్నాడు రాతి సున్నం లారీలమీద దిగింది. పిడుగురాళ్ళ పేరు సున్నానికి మారుపేరైంది.

మంచి వెల్ల వేయడం అనుకున్నంత సుళువైన పని కాదు. మన సంఘంలో పి.డబ్ల్యు.డి.లో చేసి వచ్చినవారికి ఆ లెక్కలు నోటికి వచ్చే ఉంటాయి. కిలో కాల్చిన సున్నానికి ఐదు లీటర్ల నీరు, ఒక రోజంతా మాగనివ్వడం, గుడ్డలో వడకట్టడం, పది లీటర్ల పాలకు నలభై గ్రాముల బంక వేడినీటిలో కరిగించి కలపడం, పైన కొద్దిగా నీలిమందు, కొత్త గోడకైతే మూడు చేతులు. బంక లేనిచోట గంజి వేసేవారు, కొందరు బెల్లపు నీళ్ళు చల్లేవారు. పాచి పట్టే గోడలకు మైలుతుత్తం కలిపేవారు. దానివల్ల వచ్చే లేత ఆకుపచ్చ నీలం రంగు పాత ఇళ్ళ లోగిళ్ళలో మనందరం చూసిందే. కుంచె సంగతి చెప్పకపోతే కథ సగమే. కొబ్బరి పీచు కుంచె, చితకగొట్టిన ఈతమట్ట కుంచె, తీరం వెంబడి మొగలి ఊడను నలగ్గొట్టిన కుంచె. నైలాను కుంచెలు వచ్చాక కూడా పాత చేతులు వీటినే అడిగేవి.

సంక్రాంతికి ముందు వేయడంలో ఇంకో తెలివి ఉంది. నైరుతి వానలు, ఆపైన ఆశ్వయుజ కార్తీకాల తుపాన్లు అయిపోయి, గోడలు నాలుగు వారాలు ఆరే కాలం అది. అలాగని వేసవి ఎండ కాదు. సున్నపు పూత ఒక్కసారిగా ఎండిపోతే రాయిగా మారడానికి వ్యవధి చిక్కక పొడి పొడిగా రాలుతుంది. పుష్యమాసపు మంచు, లేత ఎండ దానికి సరిపోతాయి. పండగ ముందా, ఈ లెక్క ముందా అంటే నేను చెప్పలేను గాని, రెండూ ఒక్కచోట కుదిరాయి.

వెల్లకు లోపాలు లేకపోలేదు. ఆనుకుంటే చొక్కాకు అంటుతుంది, ఎదురు జల్లుకు కడుక్కుపోతుంది, ఏటా వేయాలి. చవక అంటాం. నిజమే, కాని ఆ చవకలో సగం సున్నానిది, సగం కూలివాడిది. విరిగే సున్నం ముందు వంగి చేతులు కాల్చుకుని, కళ్ళలో చుక్క పడితే నానా యాతన పడి పనిచేసినవాళ్ళకు ఇచ్చింది తక్కువ. కూలి పెరగగానే ఏటేటా వెల్ల అనే లెక్క తలకిందులు కావడం న్యాయమే.

చట్టం కూడా ఈ లెక్కను ఒకప్పుడు అక్షరాల్లో పెట్టింది. 1948 ఫ్యాక్టరీల చట్టం 11వ సెక్షన్ ప్రకారం ఫ్యాక్టరీ లోపలి గోడలకు వెల్లగాని, రంగు సున్నంగాని వేస్తే పద్నాలుగు నెలలకొకసారి తిరిగి వేయవలసి ఉండేది. కడగదగిన నీటి రంగు వేస్తే మూడేళ్ళకొకసారి, నూనె రంగు వేస్తే ఐదేళ్ళకొకసారి. జూట్ మిల్లుల్లోను పేపరు మిల్లుల్లోను పనిచేసినవారికి ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టరు రాకముందు జరిగే సున్నాల హడావిడి గుర్తుండే ఉంటుంది. పద్నాలుగు నెలలు, మూడేళ్ళు, ఐదేళ్ళు: లోపలి గోడకు రాసిన ఈ మెట్లనే తర్వాత బయటి గోడ కూడా ఎక్కింది.

మరి నూనె రంగు ఐదేళ్ళు ఉంటే బయటి గోడలకూ అదే వేయకపోయారా? రంగులు మనకు కొత్త కాదు. హౌరాలో షాలిమార్ రంగుల కర్మాగారం 1902లోనే వెలిసింది, బొంబాయిలో ఏషియన్ పెయింట్స్ 1942లో మొదలైంది. తలుపులకు, కిటికీ ఊచలకు ఆ రంగులు దివ్యంగా పనిచేశాయి. సున్నపు గోడమీద మాత్రం కుదరలేదు. సున్నంలో క్షారం ఉంటుంది, అవిసెనూనెలో ఆమ్లాలు ఉంటాయి. తడి తగిలిందంటే రెండూ కలిసి సబ్బవుతాయి. గోడ జిడ్డుగా మారి రంగు జారిపోతుంది. అందుకనే మన ఊళ్ళ పాత మేడలకు తలుపులు నిగనిగలాడుతూ, గోడలు మాత్రం సున్నంతోనే ఉండేవి.

గోడ మారితేనే రంగు మారింది. ఆస్ప్‌డిన్ అనే ఇంగ్లీషు తాపీమేస్త్రి పోర్ట్‌లాండ్ సిమెంటుకు పేటెంటు పొందింది 1824లో. మన దేశంలో 1904లో మద్రాసులో చేసిన ప్రయత్నం నిలవలేదు, 1914లో పోరుబందరులో నిలిచింది. మన దాపున బెజవాడలో ఆంధ్రా సిమెంటు కంపెనీ ఏర్పడింది 1936లో. అంతవరకు ఏ గోడ కట్టినా ఎద్దుల గానుగలో ఇసుకతో రుబ్బిన సున్నమే గతి. ఆనకట్ట కట్టిందీ దానితోనే. సిమెంటు వచ్చి గోడను గట్టిపరిచింది, త్వరపరిచింది. దానితోపాటు ఇంకో మార్పు వచ్చింది, దాన్ని ఎవరూ అంతగా పట్టించుకోలేదు.

పాత మండువా ఇంటికి, పెంకుటింటికి చూరు రెండు మూడు అడుగులు ముందుకు వంగి ఉండేది. చుట్టూ అరుగు. ఎంత జల్లు కొట్టినా గోడ పైభాగం తడిసేది కాదు. శ్లాబు ఇల్లు వచ్చాక చూరు పోయింది. కిటికీమీద అడుగున్నర సన్‌షేడు, పైన పిట్టగోడ, అంతే. తుపాను జల్లు నిలువునా గోడమీదనే కొడుతుంది. పిట్టగోడ నెత్తిన నిలిచిన నీరు నల్లటి చారలుగా దిగుతుంది. వెల్ల ఒక్క వర్షాకాలం కూడా నిలవలేకపోవడానికి సున్నం చెడిపోవడం కారణం కాదు, దాన్ని కాపాడే చూరును మనమే తీసేశాం. ఈ ఒక్క మార్పే బయటి గోడలకు ప్రత్యేకంగా రంగు అనే వ్యాపారాన్ని పుట్టించిందని నా అభిప్రాయం.

ఆ ఖాళీలోకి వచ్చింది సిమెంటు రంగు. మనం "స్నోసెం" అనేవాళ్ళం. అది ఒక కంపెనీ సరుకు పేరు, మన నోట అన్ని సిమెంటు రంగులకూ అదే పేరైంది. డాల్డా లాగా. ఇందులో ఎక్కువ భాగం తెల్లసిమెంటు, కొంచెం రంగుపొడి, నీరు పట్టకుండా ఒక మైనపు లాంటి పదార్థం. భారత ప్రమాణాల సంస్థ దీనికి 1969లో ఐ.ఎస్. 5410 అనే ప్రమాణం ఇచ్చింది. తెల్లసిమెంటు తయారీలో ముందు నడిచింది కేరళ. కొట్టాయం దగ్గర ట్రావన్‌కూర్ సిమెంట్స్ 1959లో దాన్ని చేయడం మొదలుపెట్టింది. ముడిసరుకు ఏమిటనుకున్నారు? వెంబనాడు సరస్సు అడుగున దొరికే గుల్లలు! మన కాకినాడ గుల్లకు అన్నదమ్ములే. తర్వాత రాజస్థాన్ సున్నపురాయితో 1984లో గోటన్‌లోను, 1988లో ఖారియా ఖంగార్‌లోను పెద్ద కర్మాగారాలు వచ్చి సరుకు సులభంగా దొరికింది.

సిమెంటు రంగు మన మధ్యతరగతి ఇళ్ళకు చేసిన మేలు తక్కువది కాదు. ఎల్.ఐ.సి. అప్పులతో, హౌసింగ్ సొసైటీ అప్పులతో లేచిన కాలనీల్లో లేత పసుపు, లేత గులాబి, బిస్కట్ రంగు గోడలన్నీ అదే. సరిగా వేస్తే మూడేళ్ళు నిలిచేది. "సరిగా" అన్న మాటలోనే ఉంది కిటుకు. అది సిమెంటు కాబట్టి గోడను ముందు తడపాలి, కలిపింది గంటలోపు వాడేయాలి, వేసిన తర్వాత రెండు మూడు రోజులు నీళ్ళు చల్లాలి. మన పనివాళ్ళు పొద్దున కలిపిన బకెట్టును సాయంత్రందాకా నీళ్ళు పోసి పోసి నడిపించేవారు. నీళ్ళు చల్లే పని ఇంటివాళ్ళది, వాళ్ళు మరిచిపోయేవాళ్ళు. అన్నిటికంటె పెద్ద పొరపాటు పాత వెల్లను గీకకుండా దానిమీదే వేయడం. రాలే పొరమీద గట్టి పొర వేస్తే రెండూ కలిసి రాలతాయి. మన తేమ గాలికి మూత తీసిన సంచి పది రోజుల్లో గడ్డ కట్టేది, దాన్ని నలగ్గొట్టి వాడేవారు కూడా ఉండేవారు.

ఇక ఎమల్షన్. అమెరికాలో రోమ్ అండ్ హాస్ కంపెనీ 1953లో నీటిలో కలిసే ఆక్రిలిక్ జిగురును రంగులకోసం తెచ్చింది. దానికి క్షారం భయం తక్కువ, ఎండకు పసుపెక్కదు, కడిగితే పోదు. మన బయటి గోడలమీదికి అది విరివిగా రావడం 1990 దశకం తర్వాతే. పటాన్‌చెరులో ఏషియన్ పెయింట్స్ కర్మాగారం 1985లో వచ్చింది. దుకాణాల్లో మర మీద మనం కోరిన రంగు కలిపి ఇచ్చే రోజులు ఆ తర్వాత వచ్చాయి. ఆ డబ్బాలోని తెలుపుకు మూలమైన టైటానియం కూడా కేరళ ఇసుకలో దండిగా దొరుకుతుంది. తిరువనంతపురంలో ట్రావన్‌కూర్ టైటానియం సంస్థ 1946లోనే ఏర్పడింది. పన్ను సంగతికొస్తే, రంగులమీద జి.ఎస్.టి. 2017 జూలైలో 28 శాతంతో మొదలై 2018 జూలైలో 18 శాతానికి తగ్గింది. సీసం ఎక్కువగా ఉన్న రంగులు పసిపిల్లలకు హాని అని 2016లో నియమాలు చేశారు. 2017 నవంబరు 1 నుంచి ఇంటి రంగుల్లో పది లక్షల పాళ్ళకు తొంభై పాళ్ళు మించి సీసం ఉండకూడదు. మనవలు గోడ గీకి నోట్లో పెట్టుకునే ఇళ్ళలో డబ్బామీద ఈ మాట చూసి కొనడం మంచిది.

ఎమల్షన్ గొప్పదే. పొడిగా ఉన్న సిమెంటు గోడమీద మంచి రకం ఐదు నుంచి ఏడేళ్ళు నిలవడం చూస్తున్నాం. కాని అది పలచటి పొర. వెల్ల వేసిన గోడ ఊపిరి పీల్చినంతగా ఎమల్షన్ వేసిన గోడ పీల్చలేదు. లోపల తడి లేని గోడకు అది గొడుగు, తడి ఉన్న గోడకు అది మూత. 1986 ఆగస్టు వరదలో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 35 లక్షల క్యూసెక్కులు దాటింది. అటువంటి వరదలో మునిగిన గోడ ఆరడానికి నెలలు పడుతుంది. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమను కొట్టిన తుపాను జల్లు కూడా అంతే, గోడ లోపలికి దిగింది. వెల్ల గోడ ఆ నీటిని మెల్లగా బయటికి వదులుతుంది. మూత వేసిన గోడ వదలలేదు.

అందుచేత మొదట చూడవలసింది డబ్బా కాదు, గోడ. తాతల నాటి ఇల్లు, సున్నపు గచ్చుతో కట్టినదయితే దానికి నేటికీ సున్నమే మేలు. ఆ గోడకు బయట సిమెంటు పూత పూసి, దానిపైన ఎమల్షన్ వేసి "బాగుచేశాం" అనుకున్న ఇళ్ళలో చెమ్మ లోపలివైపు తిరిగి, చావిట్లో గోడలు ఉబ్బడం నేను కొన్ని ఊళ్ళలో చూశాను. డబ్బు పెట్టి చేసుకున్న నష్టం అది. అదే 1980 తర్వాతి సిమెంటు ఇల్లయితే లెక్క వేరు. ఒక సాయంత్రం గోడ అడుగుభాగాన అడుగున్నర చదరం ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగు వైపులా టేపుతో గట్టిగా అంటించి, మర్నాడు మధ్యాహ్నం తీసి చూడండి. లోపలివైపు నీటి బొట్లు ఉంటే ఆ గోడ ఇంకా రంగుకు సిద్ధంగా లేదు. ముందు పైపు లీకు, పిట్టగోడ పగులు, గోడకానుకుని పోసిన తోట మట్టి, వీటిని చూడాలి. అరచేత్తో గోడను రుద్దితే తెల్లగా అంటుకుంటే పాత సున్నం ఉన్నట్టు. అది పూర్తిగా గీకి, కడిగి, ఆరాక ప్రైమరు వేయనిదే ఎమల్షన్ పట్టదు.

ఖర్చు కూడా డబ్బా ధరతో కాక ఏడాదికి ఎంత పడుతుందో చూసుకోవాలి. కేంద్ర ప్రజాపనుల శాఖ రేట్ల పుస్తకం ప్రకారం కొత్త గోడకు పది చదరపు మీటర్లకు సిమెంటు రంగు 3.84 కిలోలు, ఆక్రిలిక్ బయటి రంగయితే 1.67 లీటర్లు, దానికి ముందు ప్రైమరు 2.20 కిలోలు. నూటయాభై చదరపు మీటర్ల బయటి గోడ ఉన్న మామూలు ఇంటికి సిమెంటు రంగు సుమారు 58 కిలోలు, ఎమల్షనయితే 25 లీటర్లు, ప్రైమరు 33 కిలోలు. దుకాణదారు నలభై లీటర్లు రాసిస్తే ఎందుకని అడగడానికి ఈ అంకెలు చాలు. పరంజా, గీకుడు, కూలి, ఈ మూడూ ఏ రంగు వేసినా దాదాపు అంతే పడతాయి. కాబట్టి పొడి గోడమీద చవక రకం వేసి మూడేళ్ళకే మళ్ళీ పరంజా కట్టడం కంటె మంచి రకం వేయడమే లాభం. తడి తగ్గని గోడమీద ఎంత ఖరీదైన రకం వేసినా ఏడాదికి పడే ఖర్చు పెరుగుతుందే గాని తగ్గదు. అక్కడ సిమెంటు రంగో, సున్నమో వేసుకుని తడి సంగతి చూసుకోవడం నయం. వారంటీ కాగితంలో చిన్న అక్షరాలు కూడా చదవండి. చెమ్మవల్ల వచ్చిన నష్టం మా బాధ్యత కాదని చాలావాటిలో ఉంటుంది.

2021 జనవరి 12న ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ ఆవుపేడతో చేసిన "ప్రాకృతిక్" రంగును విడుదల చేసింది. డిస్టెంపరు రకం లీటరు 120 రూపాయలు, ఎమల్షన్ రకం 225 రూపాయలు అని అప్పుడు ప్రకటించారు. మన అమ్మలు, అమ్మమ్మలు పైసా ఖర్చు లేకుండా పెరట్లో కలిపిన పేడ అలుకుడు డబ్బాకెక్కి దుకాణానికి వచ్చిందని నవ్వుకున్నవారున్నారు. డెల్టాలో బయటి గోడమీద అది ఎన్ని వర్షాకాలాలు ఆగుతుందో వేయించినవారే చెప్పాలి. మన సభ్యుల్లో ఎవరైనా వేయించి ఉంటే వచ్చే సంచికకు రాస్తే, సంక్రాంతి ముందు పనులు పెట్టుకునేవారికి ఉపయోగపడుతుంది.